టైమ్‌లాప్స్ సాఫ్టువేరు

టైమ్‌లాప్స్ అనగా నిర్ణీత వ్యవధిలో ఒకే చోటునుండి తీసిన ఛాయాచిత్రాలను వరుసగా కూర్చి, గంటల మార్పును సెకన్లలో చూపే వీడియో. సెకనుకు 24 చిత్రాల లెక్కన 10 సెకన్లకు 240 ఛాయాచిత్రాలు కావాలి.

కేవలం కూర్చడానికైతే ఉచిత సాఫ్టువేర్లు చాలు. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ ప్రారంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు ఆదేశాలను టైపు చేసి ఇవ్వాలి. విండోస్‌లో పనిచేసే వర్చువల్‌డబ్‌లో మెనూలున్నాయి. రెండూ ఫైళ్ళ పేర్లలోని వరుస సంఖ్యలను బట్టి చిత్రాలను చదువుతాయి. బాగా రాలేదని నడుమ ఒక చిత్రాన్ని తొలగిస్తే (చాలామంది చేసే పనే ఇది) వీడియో అక్కడితో ఆగిపోవచ్చు. అప్పుడు ఫైళ్ళ నకళ్ళకు మళ్ళీ వరుస సంఖ్యలు ఇవ్వాలి.

సూర్యాస్తమయ దృశ్యాలలో వెలుగు తగ్గేకొద్దీ కెమెరా అమరికలు మారి, వీడియో మిణుకుమిణుకుమంటుంది. సాఫ్టువేరు ఎంపికలో జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. స్వల్ప తేడాలను ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని డీఫ్లికర్ ఫిల్టరు సరిచేస్తుంది. పగలు రాత్రిగా మారే దృశ్యాలకు లైట్‌రూమ్‌తో కలిసి పనిచేసే ఎల్ఆర్‌టైమ్‌లాప్స్ మేలు. రా ఫైళ్ళ దిద్దుబాట్లను ఇది విడిగా ఎక్స్ఎంపీ ఫైళ్ళలో భద్రపరుస్తుంది కనుక, మళ్ళీ తీయలేని మూల చిత్రాలు చెక్కుచెదరవు.