లాక్టోమీటరు చెప్పేదెంత?

గేదె పాలు కేంద్రానికి తీసుకుపోతే గాజుగొట్టం ముంచి చూసి "నీళ్లు కలిపావు" అంటారు. ధరలో కోత పెడతారు. కూలికి పోతూ ఒక్క గేదెను మేపుకునే మన ఆడవాళ్లు ఈ మాట పడి, తలవంచుకుని తిరిగిరావడం మేము చూశాం. అసలు ఆ గొట్టం ఏం చెబుతుంది?

దాని పేరు లాక్టోమీటరు. అడుగున బరువు, పైన అంకెల కాడ. తేలే వస్తువేదైనా తన బరువుకు సమానమైన ద్రవాన్ని పక్కకు నెట్టేదాకా మునుగుతుంది. ద్రవం చిక్కనైతే కొంచెమే మునుగుతుంది. పలచనైతే లోతుగా దిగుతుంది. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు పాలు సుమారు 1,030 గ్రాములు తూగుతాయి. అప్పుడు కాడ మీద 30 కనబడుతుంది. నీళ్లు కలిస్తే అంకె తగ్గుతుంది.

మరి అంకె తగ్గితే నీళ్లు కలిసినట్టేనా? కాదు. వెన్న నీటికంటే తేలిక. వెన్న ఎక్కువున్నా అంకె తగ్గుతుంది. అప్పుడే పితికిన వెచ్చని పాలలోనూ తగ్గుతుంది. అదే వెన్న తీసేసి నీళ్లు పోసినవాడి పాలు సరైన అంకే చూపవచ్చు! నిజాయితీకి కోత, మోసానికి పూర్తి ధర. ఇదేం న్యాయం?

అందుకే పాలు బాగా కలిపి, నురగ తగ్గాక, అంకెను కంటికి సమంగా చదవాలి. పాల వేడిని బట్టి అంకెను సరిచేయాలి. వెన్న శాతం కూడా చూడాలి. అంతా పాలు పోసినవాళ్ల ఎదుటే జరగాలి, పుస్తకంలో రాయాలి. ఒక్కరు అడిగితే కసురుతారు. పాలు పోసేవాళ్లమంతా కలిసి అడుగుదాం.