రెండు దారాల గాలిపటం

ఆత్మకూరు పిల్లలకు తెలిసిన గాలిపటానికి దారం ఒక్కటే. ఆ దారం వదులు చేస్తే పతంగి తన చుట్టూ తాను తిరుగుతుంది. ముక్కు కోరిన దిక్కుకు మళ్ళిన క్షణంలో బిగించి లాగితే అటే దూసుకుపోతుంది. ఈ విద్య వంటబట్టిన చేతికి రెండు దారాల గాలిపటం బొత్తిగా పరాయిది కాదు.

దాని పుట్టుక మాత్రం ఆట కోసం జరగలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళ సిబ్బందికి విమానాలను గురిచూసి కాల్చడం నేర్పేందుకు పాల్ గార్బర్ చుక్కాని అమర్చిన రెండు దారాల పటాన్ని రూపొందించాడు. 1972లో ఇంగ్లండుకు చెందిన పీటర్ పావెల్ తయారుచేసిన పటంతో ఈ ఆట జనంలోకి వచ్చింది.

మేము దీనిని ప్రస్తావించడానికి కారణం మాంజా. మన పతంగుల ఆటలో గెలుపంతా ఎదుటివాని దారం కోయడంలోనే ఉంది. అందుకే గాజుపొడి పూసిన దారం, ఆపైన నైలాన్ దారం వచ్చాయి. మనుషుల మెడలు, పక్షుల రెక్కలు తెగుతుండటంతో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో నైలాన్, సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. అయినా సంక్రాంతి రోజుల్లో గాయాల వార్తలు ఆగలేదు. కొన్నిచోట్ల పందేలు కూడా కాస్తారు. వద్దని గద్దిస్తే పిల్లవాడు పొరుగింటి మిద్దె ఎక్కుతాడు, అంతే. రెండు దారాల పటానికి కోయవలసిన ప్రత్యర్థి లేడు. మిద్దె మీద ఎగరేసేది కూడా కాదు, విశాలమైన బయలు కావాలి. అన్నతోపాటు చెల్లెలూ ఆడవచ్చు.

చేతికొక దారం చొప్పున పట్టుకోవాలి. రెండూ సరిసమానంగా, సుమారు 25 మీటర్లు ఉంటే చాలు. కొద్ది అంగుళాల తేడా ఉన్నా పటం ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంది. కుడి చేయి వెనక్కు లాగితే పటం కుడికి మళ్ళుతుంది. లాగే ఉంచితే గుండ్రంగా చుట్టు తిరుగుతుంది. అప్పుడు దారాలు పెనవేసుకుంటాయి. చూసేవారికి భయమేస్తుంది గానీ, దారం నునుపైనదైతే నాలుగైదు మెలికలు పడినా పటం మాట వింటుంది. ఎన్ని చుట్లు కుడికి తిప్పామో అన్నే ఎడమకు తిప్పితే మెలికలు విడిపోతాయి.

ఒక చేయి లాగుతూనే రెండో చేతిని ముందుకు చాపితే చుట్టు ఇంకా చిన్నదవుతుంది. అసలు కష్టం ఆ తరువాతిదే. పటాన్ని గాలిలో నిలిపివేసి, మణికట్టుతో ఒక్క కుదుపు ఇచ్చి, వెంటనే రెండు దారాలూ వదులు చేయాలి. పటం పొట్ట నేలవైపు పెట్టి, పళ్ళెంలా తిరుగుతుంది. కొత్తవారు కుదుపు ఇచ్చి లాగుతూనే ఉంటారు, అందుకే అది తిరగదు. వదలడం నేర్చుకోవడానికే వారాలు పడుతుంది.

ఆత్మకూరుకు ఆషాఢపు పడమటి గాలి అనుకూలం. అస్ర్ నమాజు తరువాత బయలుకు వెళితే సూర్యుడు వీపు వెనుక, నల్లమల కొండలు ఎదురుగా ఉంటాయి. సంక్రాంతి నాటి తూర్పు గాలిలో ఆ వేళకు ఎండ కళ్ళలో పడుతుంది. కరెంటు తీగలకు, బాటకు దూరంగా ఉండాలి. బిగిసిన దారం ఏదైనా చర్మాన్ని కోస్తుంది కనుక పటం కింద ఎవరినీ నిలబడనీయకూడదు. ఉరుము వినిపిస్తే వెంటనే దించేయాలి.