గ్రాఫుపై పేరు ఎక్కడ నిలువవలెను?

సూర్యుని నుండి గ్రహములకు గల దూరమును అడ్డముగను, అవి సూర్యుని ఒకసారి చుట్టివచ్చు కాలమును నిలువుగను తీసికొని ఒక విద్యార్థి గ్రాఫు గీసెననుకొనుడు. భూమి దూరమును 1 గాను, కాలమును సంవత్సరములలోను తీసికొనినచో బుధునికి 0.39, 0.24, శుక్రునికి 0.72, 0.62, శనికి 9.54, 29.46 వచ్చును. చుక్కలు సరిగానే పడినవి. కాని శుక్రుని చుక్క ప్రక్కన బుధుని పేరు పడినచో, లెక్క సరియైనను గ్రాఫు అబద్ధము చెప్పును.

ఇట్టి గ్రాఫులను నేడు కంప్యూటరుపై పైథాన్ భాషలోని మాట్‌ప్లాట్‌లిబ్ అను సాధనముతో గీయుచున్నారు. అమెరికా నాడీశాస్త్రజ్ఞుడు జాన్ హంటర్ దీనిని 2003లో వెలువరించెను. మూర్ఛరోగుల మెదడులోని విద్యుత్ సంకేతములను పరిశీలించు పనిలో ఇది పుట్టినది.

పేర్లు వ్రాయుటకు ఇందులో రెండు ఆదేశములు ముఖ్యమైనవి. మొదటిది 'టెక్స్ట్'. దీనికి స్థానమును గ్రాఫు కొలతలలోనే చెప్పుట వాడుక. చుక్క స్థానమునే ఇచ్చినచో మొదటి అక్షరము చుక్కపైననే పడును. అందుకని ప్రతి పేరును 0.3 కుడికి, 0.3 పైకి జరిపిన ఏమగును? శని పేరు శని చుక్క దగ్గరనే నిలుచును. బుధుని పేరు మాత్రము 0.69, 0.54 వద్ద మొదలగును. అది ఇంచుమించు శుక్రుని స్థానమే! కారణమేమనగా, 0.3 అనునది గ్రహముల కొలత. కాగితపు కొలత కాదు.

రెండవ ఆదేశము 'యానొటేట్'. చుక్క ఎక్కడ ఉన్నది, పేరు దానికి ఎంత ఎడముగా ఉండవలెను అను రెండు సంగతులను దీనికి వేరువేరుగా చెప్పవచ్చును. ఆ ఎడమును 'ఆఫ్‌సెట్ పాయింట్స్' అని నిర్దేశించినచో, అది అచ్చుపనివారి పాయింట్లలో కొలవబడును. 72 పాయింట్లు ఒక అంగుళము. కుడికి 6, పైకి 6 అన్నచో ప్రతి పేరును తన చుక్కకు ఆ రెండు దిక్కులందును సుమారు 2 మిల్లీమీటర్లు జరిగి నిలుచును. స్కేలు మారినను ఈ ఎడము మారదు.

అయినను ఒక చిక్కు మిగిలినది. 12 సెంటీమీటర్ల వెడల్పున 12 ప్రమాణములు చూపినచో బుధ శుక్రుల చుక్కల మధ్య అడ్డముగా 3.3 మిల్లీమీటర్లే ఉండును. మామూలుగా పడు 10 పాయింట్ల అక్షరములతో పేరు అంతకంటె పొడవగును; కనుక పేర్లు ఒకదానిపై ఒకటి ఎక్కును. అక్షరములను మరీ చిన్నవి చేసినచో చదువుట కష్టము. రెండు అక్షములకును సంవర్గమాన స్కేలు తీసికొనుట మేలు. అప్పుడు లోపలి గ్రహముల చుక్కలు విడివిడిగా కనిపించును. పైగా అన్నియు ఒకే సరళరేఖపై నిలిచి కెప్లరు మూడవ నియమమును కంటికి చూపును. శని కుడి అంచున ఉండును గనుక దాని పేరును మాత్రము ఎడమవైపున వ్రాయవలెను. 'హెచ్ఏ' అనుచోట 'రైట్' అని చెప్పి, అడ్డముగా 6కు బదులు ఋణ 6 ఇచ్చిన చాలును.

పేర్లు తెలుగులో కావలెనన్న, మామూలుగా వాడబడు దేజావు సాన్స్ ఫాంటులో తెలుగు అక్షరములు లేవు. ఖాళీ గడులు పడును. తెలుగు ఫాంటు ఒకదానిని పేర్కొనవలెను. పాత కూర్పులలో 'శుక్రుడు' వంటి మాటలందు వత్తులు విడిపోవును గనుక, గీసిన పిదప ప్రతి పేరును చదివి చూచుకొనవలెను.

చివరకు ఆ గ్రాఫును లెక్కలు చూడని తోటి విద్యార్థికి ఇచ్చి, ఏ చుక్క ఏ గ్రహమో చెప్పుమనుట మంచి పరీక్ష.