మీకు తెలుసా? గాలితో చల్లబడు ఇంజను, నీటితో చల్లబడు ఇంజను

1950లో జర్మనీయందు తయారై, పిమ్మట విహారగృహముగా దేశాంతరములలో ప్రసిద్ధి కెక్కిన వోల్క్స్‌వాగన్ వ్యాను, వెనుకభాగమున నమర్చిన తన ఇంజనును కేవలము ఫ్యాను విసరు గాలితోడనే చల్లార్చుకొనుచుండెను. రేడియేటరు లేదు, కారుటకు గొట్టము లేదు, మరుగుటకు నీరు లేదు. అయినను సమాన భారము గల గాలికంటె నీరు డిగ్రీ యొక్కంటికి రమారమి 4 రెట్లు ఉష్ణమును గ్రహించును గనుక, ఇంజనుల శక్తి పెరిగి పొగను గూర్చిన నిబంధనలు బిగిసిన కొలదిని, 1980 దశకారంభమున ఆ సంస్థయే జర్మనీలో జలశీతలమునకు మరలినది. బ్రెజిలులో మాత్రము, ఆశ్చర్యముగా, వాయుశీతలము 2005 వఱకు నిలిచెను.

ఇక మన హైదరాబాదు ప్రాంతమునకు వచ్చిన, అమీన్‌పూరునకు పడమట, ముంబయి రహదారిపై నున్న జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ కర్మాగారము 1980 దశకమున నిర్మించిన క్యాబ్‌స్టార్ లారీ జలశీతల డీజిలు జాతిది. పటాన్‌చెరు వీథులలో నొకప్పుడు పొగలు గ్రక్కిన పాత ఆటోరిక్షా వాయుశీతల జాతిది. వేసవి యెండలో, పారిశ్రామికవాడ లారీల నడుమ గంటలకొలది నిలువవలసిన వ్యానునకు జలశీతలమే మేలని నా యభిప్రాయము. కాని అందు ఖనిజలవణములు మెండైన బోరునీరు పోసిన యెడల, సన్నని గొట్టములలో సున్నపుపొర పేరుకొని, రేడియేటరే ఇంజనునకు శత్రువగును. వాయుశీతలమునకో, రెక్కల సందులలో నూనెతో గలిసి గట్టిపడు దుమ్మే ఆ పని చేయును.