గేమ్ మధ్యలో పీసీ ఆగిపోతోందా? కార్డు కొనేముందు కరెంటు చూడండి

పోయిన ఎపిసోడ్‌లో నా పీసీ గోస చెప్పిన తర్వాత "అన్నా, ఆ స్టెప్పులు వరుసగా రాసి పెట్టు" అని అడిగారు. అందుకే ఇది. నేను కంప్యూటర్ ఇంజినీర్‌ని కాదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసినోణ్ణి. ఇప్పుడు డబ్లిన్‌కి దక్షిణాన చెర్రీవుడ్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే సైట్‌లో సూపర్‌వైజర్‌ని. నా పీసీ సమస్య చివరికి కరెంటు సమస్యే అని తేలింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

ఈ వయసులో గేమ్ ఎందుకంటే, మా బాబు కోసం. జగిత్యాలలో ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్ చేస్తే "తిన్నవా" "తిన్న"తో రెండు నిమిషాల్లో అయిపోతుంది. అదే ఆదివారం వాడికి రాత్రి తొమ్మిది, నాకు చలికాలంలో మధ్యాహ్నం మూడున్నర. ఇద్దరం ఫోర్జా హొరైజన్ 5లో కార్లు వేసుకుని తిరుగుతుంటే గంటన్నర మాట్లాడతాడు. ఫిజిక్స్ పరీక్ష పోయిన సంగతి వాళ్లమ్మకి చెప్పలేదు గానీ నాకు అక్కడే చెప్పాడు.

సరిగ్గా అట్లాంటప్పుడే నా స్క్రీన్ నల్లగా అయిపోయి, పీసీ దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. మళ్లీ వచ్చేసరికి "బాపూ, మళ్లా పోయినవా?" అనేవాడు. నాలుగో వారం "నువ్వు మంచిగ చేయించుకున్నాక ఆడుదాం తియ్యి బాపూ" అన్నాడు. ఆ మాటకి నిజంగా భయమేసింది.

డ్రైవర్ మూడుసార్లు మార్చా. విండోస్ రెండుసార్లు వేశా. కొత్త కార్డుకి ఐదు వందల యూరోలు పెట్టబోయా. తీరా చూస్తే కార్డులో ఏ దోషమూ లేదు.

అసలు ఏం జరుగుతుంది?

ఊళ్లో బావి మోటారు ఆన్ చేసిన క్షణం ఇంట్లో బల్బు ఒక్కసారి మసకబారుతుంది కదా? మోటారు స్టార్టింగ్‌లో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డూ అంతే. నాది ఆర్‌టీఎక్స్ 3070, దాని లెక్క 220 వాట్లు. కానీ గేమ్‌లో సీన్ భారీగా మారినప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. పవర్ సప్లై బలంగా ఉంటే తట్టుకుంటుంది. పాతదైతే వోల్టేజీ పడిపోతుంది, లేదా అదే తనని కాపాడుకోడానికి ట్రిప్ అవుతుంది. అందుకే సినిమా చూసినా, బ్రౌజింగ్ చేసినా ఏమీ కాదు. గేమ్ పెడితేనే పోతుంది.

ఇక వరుసగా చూడండి. ఖర్చు లేనివి ముందు.

1. ఎట్లా ఆగుతోంది? నీలం తెర కూడా రాకుండా ఒక్కసారిగా ఆరిపోయినా, రీస్టార్ట్ అయినా ముందు పవర్‌ని అనుమానించండి. స్క్రీన్ నల్లబడి, ఫ్యాన్లు గట్టిగా తిరుగుతూ, మాట మాత్రం వినిపిస్తుంటే కార్డుకి వెళ్లే కేబుల్‌ని కూడా చూడాలి. గేమ్ ఒక్కటే మూసుకుపోతే డ్రైవరో, గేమ్ ఫైళ్లో కావచ్చు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్ 41" కనిపిస్తే పీసీ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అర్థం. కారణం అది చెప్పదు.

2. గోడ దగ్గర మొదలుపెట్టండి. మన షేరింగ్ రూముల్లో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి హీటరు, కెటిల్, పీసీ అన్నీ ఉంటాయి. ఇక్కడి ప్లగ్‌లో ఫ్యూజు 13 ఆంపియర్లు, అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 3,000 వాట్లు. హీటరు ఒక్కటే 2,000 తింటుంది, కెటిల్ ఇంకో 3,000. పీసీని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి చూడండి. ఇది గేమ్ కోసమే కాదు, రూము తగలబడకుండా కూడా.

3. కేబుల్. పీసీ ఆపి, ప్లగ్ తీసి, ఆ తర్వాతే పెట్టె తెరవండి. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకి 75 వాట్లు, ఒక్కో 8 పిన్ ప్లగ్ నుంచి 150 వాట్ల దాకా వస్తాయి. నా కార్డుకి రెండు ప్లగ్‌లు. నేనేమో ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలలూ గుచ్చా. రెండు వేరు కేబుళ్లు వేసిన తర్వాత క్రాష్‌లు తగ్గాయి గానీ ఆగలేదు. కొత్త కార్డుల 16 పిన్ ప్లగ్ అయితే పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూడండి. 2022లో కొన్ని ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర ప్లగ్‌లు కరిగిపోయాయి.

4. పవర్ లిమిట్. ఇదే అసలు పరీక్ష. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితం. అందులో పవర్ లిమిట్‌ని 75 శాతానికి దించి అదే గేమ్ ఆడండి. క్రాష్ ఆగిపోతే పవర్ మీద అనుమానం బలపడినట్టే. వేడి కూడా తగ్గుతుంది కాబట్టి, ముందే టెంపరేచర్ రాసి పెట్టుకోండి. నాది 68 డిగ్రీలే, అంటే వేడి కారణం కాదు. లిమిట్ దించాక రెండు ఆదివారాలు ఒక్కసారి కూడా ఆగలేదు.

5. లేబుల్ చదవండి. మన దగ్గర ఎస్‌ఎంపీఎస్ అంటాం, ఇక్కడి షాపులో పవర్ సప్లై అని అడగాలి. నాది సెకండ్ హ్యాండ్, మీద 500 వాట్లు అని ఉంది. కానీ కార్డుకి కావాల్సింది 12 వోల్టుల లైను. లేబుల్‌లో దానికి 34 ఆంపియర్లు అని ఉంది. 12ని 34తో గుణిస్తే 408 వాట్లే! ఆర్‌టీఎక్స్ 3070కి ఎన్‌విడియా చెప్పింది 650 వాట్ల సప్లై. నేను 750ది తీసుకున్నా. కొత్తది కొంటే ఏటీఎక్స్ 3.0 లేదా ఆ తర్వాతి రకం అడగండి. 2022లో వచ్చిన ఆ ప్రమాణంలో ఇట్లాంటి కుదుపులు తట్టుకోవాలన్న షరతు ఉంది.

రెండు పనులు మాత్రం చేయొద్దు. పాత సప్లై కేబుళ్లు కొత్తదానికి వాడొద్దు. ప్లగ్ పట్టినా లోపల వైర్ల వరుస వేరేగా ఉండొచ్చు, పెట్టిన వస్తువు కాలిపోతుంది. సప్లై డబ్బాని విప్పొద్దు. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని, నేనే విప్పను.

షాపులో కొంటే రసీదు దాచుకోండి. ఐర్లండ్‌లో 2022 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, 30 రోజుల్లో లోపం బయటపడితే వస్తువు తిరిగిచ్చి డబ్బు అడగొచ్చు. తెలియని మనిషి దగ్గర సెకండ్ హ్యాండ్ కొంటే ఆ హక్కు ఉండదు.

సప్లై మార్చాక లిమిట్ మళ్లీ 100కి పెట్టేశా. పోయిన ఆదివారం రెండు గంటలు ఆడాం. మధ్యలో ఒకసారి వాడి కారు ఆగిపోయింది, మాటా ఆగింది. పది నిమిషాల తర్వాత వచ్చి "కరెంటు పోయింది బాపూ" అన్నాడు. "మళ్లా పోయినవా?" అని ఈసారి అడిగింది నేను.