మేఘ మెంత యెత్తున నున్నది?

రోహిణికార్తె యెండలు ముగిసి మిరుగు ప్రవేశించునప్పటికి మన పరకాల ప్రాంతమునందలి రైతు రోజునకు పదిమారులైన నాకాశమువంక చూచును. దుక్కి సిద్ధముగా నున్నది. ప్రత్తివిత్తనములు కొని యింట నుంచినాడు. మధ్యాహ్నమునకు తెల్లని మబ్బులు కుప్పలుగా లేచును, నల్లబడును, గాలి వీచును, నాలుగు చినుకులు రాలును; సాయంకాలమునకు మరల నాకాశము నిర్మలమగును. ఆ నాలుగు చినుకులను నమ్మి విత్తిన గింజ మొలకెత్తి యెండిపోవుటయు, మరల విత్తనములకై యప్పు చేయవలసివచ్చుటయు మనలో ననేకుల యిండ్లలో నెఱిగిన విషయమే. అట్టి మబ్బు మనకెంత యెత్తున నున్నదని యడిగినచో "చాల యెత్తున" అని చెప్పి యూరకుందుము. నేలమీద నిలిచియే, యొక చెంబును ఒక ఉష్ణమాపకమును సాయముగా గొని, ఆ యెత్తు నించుమించుగా లెక్కింపవచ్చును. ఆ విధమును, దాని వలన మనకు తెలియు సంగతిని ఈ వ్యాసమున వివరించెదను.

మొదట మేఘ మెట్లు పుట్టునో చూతము. గాలియందు కంటికి కనబడని నీటియావిరి యెల్లప్పుడు నుండును. చల్లని నీరు పోసిన చెంబు వెలుపల సన్నని బిందువులు పట్టుట మీరు చూచియుందురు. అవి చెంబులోనుండి యూరినవి కావు. చెంబును తాకిన గాలి చల్లబడి, తనలోని యావిరిని పట్టియుంచలేక నీరుగా విడిచినది. ఏ ఉష్ణోగ్రతయొద్ద నిట్లు బిందువులు పట్ట నారంభించునో దానికి తుషారస్థానమని పేరు. గాలిలో ఆవిరి హెచ్చుగా నున్న తుషారస్థానము హెచ్చుగాను, తక్కువగా నున్న తక్కువగాను ఉండును.

ఇక నెండచే కాగిన నేలను తాకిన గాలి వేడెక్కి, తేలికయై, పైకి లేచును. పైకి పోయినకొలది చుట్టునున్న గాలియొత్తిడి తగ్గుటచేత నది వ్యాకోచించును, వ్యాకోచించుటచేత చల్లబడును. సైకిలు చక్రమునందలి గాలిని వదలినప్పుడు వెలికివచ్చు గాలి చేతికి చల్లగా తగులుటయు నీ కారణముననే. ఇట్లు లేచు గాలి ప్రతి 1,000 మీటర్లకు సుమారు 10 సెంటీగ్రేడు డిగ్రీలు చల్లబడును. అందలి యావిరియు పలుచబడుటచేత దాని తుషారస్థానము కూడ 1,000 మీటర్లకు సుమారు 2 డిగ్రీలు తగ్గును. కావున ఈ రెంటి నడుమనున్న యంతరము 1,000 మీటర్లకు 8 డిగ్రీల చొప్పున తఱిగిపోవును. అనగా ఒక డిగ్రీకి 125 మీటర్లు, ఇంచుమించు 400 అడుగులు. ఆ యంతర మెచ్చట పూర్తిగా తీరిపోవునో అచ్చట ఆవిరి నీటికణములుగా మాఱును. అదియే మేఘముయొక్క యడుగుభాగము. కుప్పమబ్బుల యడుగులన్నియు గీచినట్లు సమముగా నుండుటకు కారణ మిదియే.

పరీక్ష చేయు విధము: కుప్పమబ్బులు లేచియున్న దినమున పగలు రెండుగంటల ప్రాంతమున ప్రయోగశాలయందలి ఉష్ణమాపకమును, గాలి యాడు నీడపట్టున, నేలకు నాలుగడుగుల యెత్తున, గోడను తాకకుండ వ్రేలాడదీసి, పదినిమిషముల పిమ్మట లెక్క చూడవలెను. జ్వరము చూచు ఉష్ణమాపక మిందుకు పనికిరాదు. తరువాత బాగుగా తోమి తుడిచిన మెఱుగు చెంబులో సగమువఱకు నీరు పోసి, చిన్నచిన్న మంచుగడ్డ ముక్కలను ఒక్కొక్కటిగా వేయుచు చెంచాతో కలుపవలెను. చెంబుపై మన యూపిరి తగులరాదు. వెలుపలి మెఱుగు మొట్టమొదట మసకబాఱిన క్షణమున నీటి ఉష్ణోగ్రతను గుఱుతించుకొనవలెను. పిమ్మట మిగిలిన మంచుముక్కను తీసివేసి, నీరు మెల్లగా వేడెక్కి మసక తొలగునప్పటి ఉష్ణోగ్రతను కూడ చూచి, రెంటి సరాసరి తీసికొనిన తుషారస్థానము వచ్చును.

ఆషాఢమునం దొకదినమున నీడలో గాలి 32 డిగ్రీలు, తుషారస్థానము 24 డిగ్రీలు ఉన్నవనుకొందము. అంతరము 8. దానిని 125చే గుణించిన 1,000 మీటర్లు. మేఘముల యడుగు మన నేలకు ఒక కిలోమీటరు పైన నున్నదన్నమాట. నడివేసవి యందు గాలి 42, తుషారస్థానము 18 అనుకొందము. అంతరము 24, ఎత్తు 3,000 మీటర్లు. ఒక డిగ్రీ పొరపాటు వచ్చినను లెక్కలో 125 మీటర్లు తేడా వచ్చును గనుక, పరీక్షను రెండు మూడు సారులు చేయుట మంచిది.

ఈ రెండు సంఖ్యలలో మన మొదటి ప్రశ్నకు కొంత సమాధానము గలదు. మూడు కిలోమీటర్ల యెత్తునుండి పొడిగాలిలో పడు చిన్న చినుకులు నేలకు చేరకమునుపే యావిరియై పోవును. అట్లు ఆవిరియగునప్పుడు చుట్టునున్న గాలి చల్లబడి, బరువెక్కి, వేగముగా క్రిందికి దిగి నేలమీద నలుదిక్కుల వ్యాపించును. వేసవిలో వాన లేకయే దుమ్ము రేగి, మామిడికాయలు రాలి, కప్పురేకులు లేచిపోవుటకు ఇది యొక ముఖ్యకారణము. అట్టి మేఘము వాన కుఱియకున్నను పిడుగు పడవేయగలదు. కావున చెట్టుక్రింద నిలువరాదు. ఆషాఢ శ్రావణములందు మబ్బు దిగువగా నుండి, దాని క్రింది గాలియు తేమగా నుండుటచే చినుకు చాలవఱకు నేలకు చేరును.

అయినను ఈ లెక్క వాన వచ్చునని గాని రాదని గాని చెప్పజాలదు. మేఘపు టడుగు తెలిసినను దాని మందము దీనివలన తెలియదు. మందము చాలని మేఘము దిగువగా నున్నను కుఱియదు. మఱియు నీ సూత్రము నేలనుండి లేచిన గాలిచే నేర్పడు కుప్పమబ్బులకే చెల్లును. ఈకలవలె మిక్కిలి యెత్తున కనబడు మబ్బులకును, ముసురుపట్టినప్పుడు ఆకాశమంతయు కప్పు పొరమబ్బులకును దీనిని వర్తింపజేయరాదు. కావున విత్తుటకు మేఘమును గాక నేలను చూడవలెను. 60, 70 మిల్లీమీటర్ల వర్షము పడి నేల లోతుగా తడిసిన పిమ్మటనే ప్రత్తి విత్తుట క్షేమమని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

మన లెక్క సరియైనదో కాదో తెలిసికొనుటకు వేఱు మార్గములును గలవు. ఎత్తు తెలిసిన కొండ యొక కొలబద్దయే. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. సమీపముననున్న హార్సిలీ కొండల శిఖరము సుమారు 1,250 మీటర్లు. ఆ శిఖరమును మబ్బు కప్పినచో దాని యడుగు మదనపల్లె నేలకు 550 మీటర్లకంటె ఎత్తున లేదని చూచినంతనే చెప్పవచ్చును. పరకాల వంటి మైదానమున నట్టి కొండ లేదు గనుకనే మనకు చెంబు కావలసివచ్చినది. విమానాశ్రయములందు లేసరు కిరణమును నిట్టనిలువుగా మేఘముపైకి పంపి, అది తిరిగివచ్చు కాలమును యంత్రము కొలుచును. వెలుతురు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, కిరణము సెకనులో లక్షవ వంతున తిరిగివచ్చిన మేఘ మొకటిన్నర కిలోమీటరు ఎత్తున నున్నదని యర్థము. దిగవలసిన విమానమునకు ఈ సంఖ్య ప్రాణముతో సమానము.

ఇట్టి పని గొప్ప యంత్రములు గలవారికే తగునని యెవరును వెనుదీయనక్కఱలేదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840వ సంవత్సరమున సొంతముగా నొక వేధశాలను నెలకొల్పిరి. 1856లో వారు గతించిన పిమ్మట అల్లుడగు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపిరి. దినదినము చూచి వ్రాసి యుంచుటయే అట్టివారి పనికి మూలము.

విద్యార్థులారా! వచ్చు మిరుగునుండి శ్రావణమువఱకు ఒక నోటుపుస్తకమున తేదీ, గాలి ఉష్ణోగ్రత, తుషారస్థానము, లెక్కించిన యెత్తు, ఆ సాయంకాలము వాన పడినదా లేదా యను నైదు సంగతులు వ్రాయుడు. ఋతువు మాఱినకొలది మేఘము మెట్టుమెట్టుగా మన పొలములవైపు దిగివచ్చుట మీ చేవ్రాతలోనే కనబడును. తల్లిదండ్రులు మెఱుగు చెంబు నొకదానిని ఈ పనికై యెరువిత్తురుగాక!