తెర మీద గోదావరి, గట్టు మీద తూనీగ

పాఠ్యపుస్తకంలో నది అంటే పుట్టిన చోటు, పొడవు, ఉపనదుల పేర్లు, ఆనకట్టల వరుస. ప్రవాహం, ఒండ్రు, జలచరాలు, గట్టు మొక్కలు, మనుషుల అవసరాలు ఒకదానిపై ఒకటి ఎలా ఆధారపడి ఉంటాయో వివరించే శాస్త్రాన్ని నదీ జీవావరణ శాస్త్రం అంటారు. పిల్లల చదువులో దానికి దొరికే చోటు తక్కువే కాబట్టి, ఆ లోటును ఆన్‌లైన్ వేదికలు ఎంతవరకు తీర్చగలవన్నది పరిశీలించదగిన విషయం.

గట్టు మీద నిలబడిన వారికి నదిలో ఒక మలుపే కనిపిస్తుంది. గూగుల్ ఎర్త్‌లోనైతే త్ర్యంబకేశ్వరం నుంచి బంగాళాఖాతం దాకా 1,465 కిలోమీటర్ల గోదావరిని ఒకే చూపులో అనుసరించవచ్చు. అందులోని టైమ్‌లాప్స్ 1984 నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలను వరుసగా చూపుతుంది గనుక, లంకలు ఒకవైపు కోతకు గురవుతూ మరోవైపు మేట వేసుకోవడం కళ్లకు కడుతుంది. వరద కాలంలో భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ అవుతుండగా, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకే మొదటి హెచ్చరిక ఎందుకని ఆన్‌లైన్‌లో వెతికే పిల్లలకు, ఆ అడుగులు నది లోతు కావనీ, ఒక్కోచోట స్థిరంగా పెట్టుకున్న సున్నా గుర్తు నుంచి తీసిన కొలతలనీ అర్థమవుతుంది.

అయితే తెర ఇవ్వలేనివి కొన్ని నీటి అంచున రాయి కింద ఉంటాయి. గాలిలో రెక్కలాడించే తూనీగ తన బాల్యమంతా నీటిలోనే గడుపుతుంది. రెక్కలు రాని ఆ మట్టిరంగు పిల్ల పురుగు, వెనుక భాగంలోకి నీటిని తీసుకుని లోపలి మొప్పలతో శ్వాసిస్తుంది, ప్రమాదం ఎదురైతే ఆ నీటినే వెనక్కు చిమ్మి ముందుకు దూసుకుపోతుంది, మడిచి ఉంచిన కింది పెదవిని చటుక్కున చాచి చిన్న చేపపిల్లను సైతం పట్టుకుంటుంది. ఇటువంటి జీవుల్లో కొన్ని, మురుగు చేరి నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గితే బతకలేవు. నీటి బాగోగులను ఈ విధంగా తెలిపే ప్రాణులనే జీవ సూచికలంటారు.

ఐనాచురలిస్ట్ సంస్థ రూపొందించిన సీక్ యాప్‌ను ఖాతా తెరవకుండానే వాడవచ్చు. కెమెరాను పురుగు వైపు తిప్పితే పోలికలను బట్టి అది ఏమిటో ఊహిస్తుంది, చాలాసార్లు జాతి దాకా పోకుండా కుటుంబం అనే పెద్ద వర్గం దగ్గరే ఆగిపోతుంది. ఇంతవరకే తెలుసునని యంత్రం ఒప్పుకోవడం పిల్లలకు మంచి పాఠమే.

పేర్ల విషయంలో మాత్రం యాప్ కన్నా జాలరి మిన్న. సముద్రంలో ఉన్నప్పుడు విలస అనీ, గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదినప్పుడు పులస అనీ ఒకే చేపను రెండు పేర్లతో పిలవడంలో దాని జీవనయాత్ర అంతా ఇమిడి ఉంది. ధవళేశ్వరం దగ్గర ఆ ఎదురీతకు ఆనకట్ట ఎలా అడ్డుపడుతుందో తెరపై పటంలో చూపవచ్చు. తెలుగులో ఇటువంటి పాఠాలు తయారుచేసేవారు ఈ పేర్లను తప్పక చేర్చాలి.

వరద రోజుల్లో పిల్లలకు తెర చాలు. నీరు తేటపడే కార్తీకం తర్వాత పెద్దలను వెంటబెట్టుకుని గట్టుకు వెళ్లాలి, చూసిన పురుగును తిరిగి నీటిలోనే వదలాలి, తిప్పిన రాయిని మునుపటిలాగే బోర్లించాలి.